త్యాగరాజస్వామి కృతులలో నాదోపాసన

పుష్య బహుళ పంచమి త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి. ఆ తిథికి అటూ ఇటూగా, అందరికీ వీలైన ఒక శనివారమో ఆదివారమో చూసుకొని, అమెరికాలోని మన దేవాలయాలు ఆరాధనోత్సవం జరుపుకుంటున్నాయి. 1978లో ప్రారంభమైన క్లీవ్‌లాండ్ ఆరాధనకు నేడు దేశం నలుమూలల నుండి సంగీత విద్యార్థులు తరలివెళ్తున్నారు. మన మందిరంలోనూ పిల్లలు వరుసలు తీరి కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాలలోని పంచరత్న కృతులను పుస్తకం చూడకుండా పాడుతున్నారు. స్వరం తప్పదు, తాళం తప్పదు. అయితే పాడిన మాటలకు అర్థమేమిటని అడిగితే చాలామంది మౌనం వహిస్తారు. అందుకు వారిని తప్పుపట్టనక్కరలేదు. పాటను నేర్పే తరగతులు ఉన్నంతగా ఆ పాటలోని మాటను నేర్పే తరగతులు ఇక్కడ లేవు.

ఈ వ్యాసం ప్రధానంగా ఆ పిల్లల కోసం, ఇప్పుడు పెద్దవారై తమ పిల్లలను సంగీతం తరగతులకు తీసుకువస్తున్న యువతీయువకుల కోసం. త్యాగరాజస్వామి కృతులలో నేడు మనకు దక్కినవి దాదాపు 700. వాటిలో అత్యధికం శ్రీరాముని గురించినవి. వాటి నడుమ పదికి పైగా కృతులలో వస్తువు సంగీతమే. పాట పాడుతూ పాట అంటే ఏమిటని ప్రశ్నించిన కృతులవి. వాటిని విడివిడిగా వింటే అన్నీ నాదాన్ని పొగిడే స్తోత్రాలుగా తోస్తాయి. ఒకచోట చేర్చి చదివితే, ఒకే విషయం దగ్గరకు మళ్ళీ మళ్ళీ వచ్చి, వచ్చిన ప్రతిసారీ వేరొక ప్రశ్న అడిగిన ఒక మనస్సు కనబడుతుంది. నాదం ఎక్కడ పుడుతుంది? అది ఎవరి సొత్తు? దానివల్ల లభించేది ఏమిటి? ఏది తోడు లేకపోతే అది నిష్ఫలమవుతుంది?

ముందుగా ఆ మహనీయుని కాలాన్ని కొంత తలచుకోవాలి. త్యాగరాజస్వామి 1767 మే 4న కావేరీ తీర దేశంలోని తిరువారూరులో జన్మించారు. తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. ఇంటిపేరు కాకర్ల. ఆ ఇంటిపేరే వారి పూర్వుల తెలుగునేలను గుర్తుచేస్తుంది. జీవితంలో అధికభాగం తంజావూరు సమీపాన ఉన్న తిరువయ్యారులో గడిపి, 1847 జనవరి 6న అక్కడే సిద్ధి పొందారు. చుట్టూ వినిపించే భాష తమిళం. తంజావూరు నేలిన నాయకరాజుల కాలంలో తెలుగు ఆస్థానభాషగా వెలుగొందింది. వారి తరువాత వచ్చిన మరాఠా ప్రభువులు కూడా తెలుగు సాహిత్యాన్ని, యక్షగానాన్ని ఆదరించారు. అలా తెలుగునేలకు దూరంగా, తెలుగు ఇంటిభాషగా, పాటభాషగా నిలిచిన చోట ఆయన పెరిగారు. పూర్వుల ఊరు పేరులో మాత్రమే మిగిలి, భాష మాత్రం నోట నిలిచిన కుటుంబం అది. ఈ దేశంలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఆ స్థితి అపరిచితం కాదు.

ఆయన గురువు శొంఠి వేంకటరమణయ్య గారు తంజావూరు ఆస్థాన విద్వాంసులు. శిష్యుడు ఆస్థానం వైపు వెళ్ళలేదు. వీధిలో కీర్తనలు పాడుతూ నడిచి, గృహస్థులు పెట్టిన బియ్యంతో ఇల్లు గడుపుకొనే ఉంఛవృత్తిని స్వీకరించారు. శరభోజి మహారాజు ఆహ్వానించగా ఆయన నిరాకరించారని, కళ్యాణి రాగంలోని ‘నిధి చాల సుఖమా’ అన్న కృతి ఆ సందర్భంలోనే వెలువడిందని సంప్రదాయం చెబుతుంది. సంగీతం వల్ల ధనమో, పదవియో వస్తుందని ఆయన ఆశించలేదు. మరి సంగీతం దేనికి? ఈ ప్రశ్న ఆయనకు పండిత చర్చ కాదు, రోజూ ఎదురయ్యే జీవిత ప్రశ్న.

నాదం ఎక్కడ పుడుతుందన్న మొదటి ప్రశ్నకు జగన్మోహిని రాగంలోని ‘శోభిల్లు సప్తస్వర’ కృతి సమాధానమిస్తుంది. సప్తస్వరాలను ఏడుగురు సుందర దేవతలుగా భావించి భజించమని ఆయన తన మనస్సుకు చెబుతారు. ఆ దేవతలు ఉండే చోటు ఏది? నాభి, హృదయం, కంఠం, నాలుక, నాసిక అంటూ శరీరంలోని స్థానాలను వరుసగా పేర్కొంటారు. ఆ తరువాతనే ఋగ్వేద సామవేదాల ప్రస్తావన, గాయత్రి ప్రస్తావన వస్తాయి. దేవతలను వెతకడానికి ముందుగా మనిషి దేహంలోకే చూడమంటున్న కృతి ఇది.

వైద్యవృత్తిలో ఉన్నదానను గనుక ఈ వరుస దగ్గర నేను ఆగకుండా ఉండలేను. మనం పాడేటప్పుడు దేహంలో జరిగేది ఇది: ఛాతీకి, ఉదరానికి నడుమ ఉన్న కండర పటలం, ఉదర కండరాలు కలిసి శ్వాసను అదుపు చేస్తాయి. ఊపిరితిత్తుల నుండి వెలువడిన గాలి కంఠంలోని స్వరపేటికను చేరుతుంది. అక్కడి స్వరతంత్రులు కంపిస్తాయి. మాట్లాడేటప్పుడు పురుషులలో సెకనుకు సుమారు 100 సార్లు, స్త్రీలలో సుమారు 200 సార్లు కంపించే ఆ తంత్రులు పాటలో స్వరస్థాయిని బట్టి ఇంకా ఎంతో వేగంగా కంపిస్తాయి. ఆ కంపనానికి కంఠకుహరం, నాలుక, నోరు, నాసిక కలిసి రూపమిస్తాయి. కృతిలోని వరుస కూడా కింది నుండి పైకే సాగుతుంది. దీనిని బట్టి మన పూర్వులు ఆధునిక శరీర శాస్త్రాన్ని ముందే చెప్పారని నేను అనను. వారు చెప్పినది ఉపాసన మార్గం, మేము వైద్య కళాశాలలో చదివినది శరీర నిర్మాణం. అయినా పాడే మనిషి తన శ్వాసను శ్రద్ధగా గమనించి తెలుసుకున్న దానికి, శాస్త్రం పరీక్షించి తెలుసుకున్న దానికి మధ్య ఇంతటి సామీప్యం ఉండటం నాకు ఆనందాన్నిస్తుంది.

ఈ వరుస త్యాగరాజస్వామి కల్పించినది కాదు. దానికొక చరిత్ర ఉంది. మాయామాళవగౌళ రాగంలోని ‘విదులకు మ్రొక్కెద’ కృతిలో ఆయన సంగీత కోవిదులందరికీ నమస్కరించారు. శివుడు, విష్ణువు, బ్రహ్మ, సరస్వతి, ఆంజనేయుడు, నారదుడు, తుంబురుడు అంటూ సాగే ఆ జాబితాలో ఒక చారిత్రక పురుషుని పేరు కూడా ఉంది. ఆయనే శార్ఙ్గదేవుడు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవరాజు సింఘణుని కొలువులో ఉండి ‘సంగీత రత్నాకరం’ రచించిన ఆచార్యుడు. శార్ఙ్గదేవుని పూర్వులు కాశ్మీరదేశస్థులు. ఆయన తాత భాస్కరుడు దక్షిణాపథానికి వలస వచ్చాడు. ఆయుర్వేదం ఎరిగిన కుటుంబం అది. అందుకే కావచ్చు, సంగీత రత్నాకరం మొదటి అధ్యాయంలోనే పిండోత్పత్తి అనే ప్రకరణం ఉంది. గర్భంలో శిశువు నెలనెలా ఎలా రూపొందుతుందో చెప్పిన తరువాతనే ఆయన నాదం గురించి, స్వరం గురించి చెప్పాడు. పాట పుట్టేది దేహంలో గనుక దేహం పుట్టుక తెలిసి తీరాలన్నది ఆయన క్రమం.

నాదం పుట్టుకను గురించి శార్ఙ్గదేవుడు చెప్పినది సంగ్రహంగా ఇది. పలుకదలచిన ఆత్మ మనస్సును ప్రేరేపిస్తుంది. మనస్సు దేహంలోని అగ్నిని తాకుతుంది. అగ్ని వాయువును కదిలిస్తుంది. ఆ వాయువు నాభి, హృదయం, కంఠం, శిరస్సు, ముఖం అనే స్థానాలలో క్రమంగా ధ్వనిగా వ్యక్తమవుతుంది. నాదం అన్న మాటలో ‘న’ ప్రాణవాయువు, ‘ద’ అగ్ని అని కూడా ఆయన వివరించాడు. సుమారు ఆరు శతాబ్దాల తరువాత త్యాగరాజస్వామి సారమతి రాగంలోని ‘మోక్షము గలదా’ కృతి చరణంలో, ప్రాణానికి అగ్నితో కలిగే సంయోగం వల్ల ప్రణవనాదం పుట్టి సప్తస్వరాలుగా విస్తరించిందని పాడారు. సంస్కృత శాస్త్రగ్రంథంలోని సిద్ధాంతం తెలుగు పాటగా మారి, శాస్త్రం చదువని వారి నోటికి కూడా అందింది. ఈ చరణం అర్థం తెలిసి పాడే విద్యార్థికి తాను తీసుకునే ప్రతి శ్వాసా పాటలో భాగమే.

రెండవ ప్రశ్న: నాదం ఎవరిది? త్యాగరాజస్వామి పరమ రామభక్తులు. రామనామ జపం ఆయన జీవితాన్ని నడిపింది. అయినా నాదాన్ని తలచుకున్నప్పుడు ఆయనకు తరచుగా శివుడే స్ఫురించాడు. చిత్తరంజని రాగంలో సంస్కృతంలో రచించిన ‘నాద తనుమనిశం’ కృతి నాదమే శరీరంగా గల శంకరునికి నమస్కారం. శివుని సద్యోజాతాది పంచముఖాల నుండి స్వరాలు వెలువడ్డాయని అందులో చెబుతారు. సారమతి కృతిలో వీణావాదనలో లీనమైన శివుని మనస్సును తెలుసుకోలేని వారి గురించి చింతిస్తారు. బేగడ రాగంలోని ‘నాదోపాసన’ కృతిలో శంకరుడు, నారాయణుడు, బ్రహ్మ ముగ్గురూ నాదోపాసన వల్లనే వెలిశారని అంటారు. దేవతలు నాదాన్ని ప్రసాదించారనడం సాధారణం. ఇక్కడ ఆ దేవతలు కూడా ఉపాసకులే. నాదం ముందు హరిహర భేదం లేదు. ఒకే పైకప్పు కింద వేంకటేశ్వరునికీ, శివునికీ, అమ్మవారికీ సన్నిధులు ఏర్పరచుకున్న మన మందిరాల వంటి చోట ఈ కృతులు పాడుకోవడం ఎంతో ఉచితం.

మూడవ ప్రశ్న: నాదం వల్ల లభించేది ఏమిటి? ఆందోళిక రాగంలోని ‘రాగ సుధారస’ కృతిలో ఆయన సమాధానం ఉత్సాహభరితం. రాగమనే అమృతాన్ని తాగి ఆనందించమని మనస్సుకు చెబుతూ, యాగం, యోగం, త్యాగం, భోగం వీటన్నిటి ఫలమూ అందులోనే ఉందంటారు. గరుడధ్వని రాగంలోని ‘ఆనంద సాగర’ కృతి మరింత కఠినం. సంగీత జ్ఞానమనే బ్రహ్మానంద సాగరంలో ఈదని దేహం భూమికి భారమని అక్కడ అంటారు. నాభి, కంఠం, నాసిక అంటూ స్వరదేవతలకు నిలయంగా కీర్తించిన దేహమే ఇది. ఆ నిలయంలో నాదం లేకపోతే మిగిలేది బరువు మాత్రమే. బిలహరి రాగంలోని ‘ఇంతకన్న ఆనందమేమి’ కృతిలో గొంతు మెత్తబడుతుంది. ఆడుతూ, పాడుతూ, స్వామిని రమ్మని వేడుకుంటూ, మనస్సులో ఆయనతో కూడి ఉండటమే చాలదా అని అడుగుతారు. ఒకచోట యాగఫలం, ఒకచోట బ్రహ్మానందం, ఇంకొకచోట కేవలం ఈ క్షణపు తృప్తి. మూడూ ఒకే గుండె పలికిన సమాధానాలు.

ఇక నాలుగవ ప్రశ్న అన్నిటికంటె కష్టమైనది. సారమతి కృతిలో ఆయన, సద్భక్తి, సంగీత జ్ఞానం లేనివారికి మోక్షం ఉంటుందా అని అడిగారు. ఈ మాట విన్న సంగీతజ్ఞునికి గర్వం కలగవచ్చు. సంగీతం రానివారికి మోక్షం లేదన్నట్లుగా వినిపిస్తుంది. అయితే ధన్యాసి రాగంలోని ‘సంగీత జ్ఞానము’ కృతిలో అదే విషయాన్ని ఆయన మరొక వైపు నుండి పట్టుకున్నారు. భక్తి లేని సంగీత జ్ఞానానికి సన్మార్గం ఉందా అని మనస్సును నిలదీశారు. ఆంజనేయుడు, అగస్త్యుడు, మతంగుడు, నారదుడు ఉపాసించిన విద్య ఇదని గుర్తుచేశారు. న్యాయాన్యాయాలు తెలియడం, జగత్తు మాయామయమని తెలియడం, కామక్రోధాది ఆరుగురు శత్రువులను జయించే ఉపాయం తెలియడం గురించి చరణంలో మాట్లాడారు. రాగం, తాళం తెలియడం గురించి అక్కడ ఒక్క మాట లేదు. సంగీత జ్ఞానం అన్న మాటలోని ‘జ్ఞానం’ ఎంత పెద్దదో ఆ చరణం వల్ల తెలుస్తుంది.

ఈ రెండు కృతులను పక్కపక్కన ఉంచినప్పుడే ఆయన అభిప్రాయం పూర్తిగా గ్రాహ్యమవుతుంది. మొదటిది భక్తుడు వినవలసినది: నాదాన్ని తక్కువగా చూడవద్దు. రెండవది విద్వాంసుడు వినవలసినది: నాదం ఒక్కటే చాలునని అనుకోవద్దు. శంకరాభరణంలోని ‘స్వరరాగ సుధారస’ కృతి ఆ రెండింటినీ ఒకచోట కలుపుతుంది. స్వరరాగామృతంతో కూడిన భక్తియే స్వర్గం, అదే అపవర్గం అని పల్లవిలోనే చెప్పి, చరణాలలో నిత్యజీవితపు ఉపమానాలు ఇస్తారు. తామరపూవు పక్కనే కొంగ, కప్ప నివసిస్తాయి. దాని తేనె మాత్రం వాటికి దక్కదు. సంగీతం దగ్గరగా ఉన్నంత మాత్రాన అది మనదైపోదు. తాళగతులు తెలియకుండా మద్దెలను బాదడం సుఖమా అని అడుగుతారు. వెంటనే, శుద్ధమైన మనస్సు లేకుండా పూజ చేయడాన్ని వరాహవృత్తితో పోలుస్తారు. తెలియని వాదనం, మనస్సు లేని పూజ, రెండూ ఒకే చరణంలో పక్కపక్కనే నిలిచాయి. దేవాలయానికి వచ్చే మనందరినీ ఒక్క క్షణం ఆలోచింపజేసే మాట ఇది.

ఈ కృతులను ఆయన ఏ సంవత్సరంలో రచించారో వాటిలో గుర్తు లేదు గనుక, వయస్సుతో పాటు అభిప్రాయం మారిందని చెప్పడానికి వీలు లేదు. చెప్పదగినది మరొకటి ఉంది. వీటిలో చాలా కృతులు ‘మనసా’ అన్న సంబోధనతో సాగుతాయి. జగన్మోహిని, ఆందోళిక, బేగడ, ధన్యాసి, శంకరాభరణం, కళ్యాణవసంతంలోని ‘నాదలోలుడై’, సురటిలోని ‘గీతార్థము’ అన్నీ అటువంటివే. కొంగను, కప్పను ఉదాహరించినప్పుడు ఆయన వేలు చూపింది లోకం వైపు కాదు. తన మనస్సుకే పాఠం చెప్పుకున్నారు. అన్నీ తెలిసినవాడు ఇన్నిసార్లు అదే పాఠం చెప్పుకోవలసిన అవసరం లేదు. నాదం మీద అంతటి అధికారం ఉన్న మనిషి కూడా భక్తిని, జ్ఞానాన్ని, నాదాన్ని ఒక్కటిగా నిలుపుకోవడానికి రోజూ శ్రమించారని ఈ పునరుక్తి వల్ల మనకు తెలుస్తుంది.

ఈ మాటలు మన దాకా ఎలా వచ్చాయన్నది కూడా చరిత్రే. త్యాగరాజస్వామి పాడుతుండగా శిష్యులు తాళపత్రాలపై వ్రాసుకున్నారు. ఆ శిష్య పరంపరలలో వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం వారు ముఖ్యులు. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ సౌరాష్ట్ర సమాజానికి చెందినవారు. ఆయనా, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ భద్రపరచిన వ్రాతప్రతులు మధురైలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. శిష్యులలో ఎక్కువమంది తమిళులు. స్వామివారి సమాధి శిథిలావస్థలో ఉందని తెలిసి, తన సంపాదనను వెచ్చించి మందిరం నిర్మింపజేసిన బెంగుళూరు నాగరత్నమ్మ గారు మైసూరు సీమలో పుట్టినవారు. ఆ మందిర ప్రతిష్ఠ 1926లో జరిగింది. తెలుగు మాతృభాష కాని ఎందరో ఈ తెలుగు మాటలను నేర్చుకొని, వ్రాసుకొని, అర్థం అడిగి తెలుసుకొని, తరువాతి తరానికి అప్పగించారు. ఈనాడు మన చేతిలో ఉన్న కృతులు ఎక్కువగా వారి చలవే.

అందుకే ఈ దేశంలో పుట్టిన మన పిల్లలతో నేను చెప్పదలచినది ఇది. ‘నాకు తెలుగు అంతగా రాదు’ అన్నది ఈ కృతులకు దూరంగా ఉండటానికి కారణం కాదు. ఈ సంగీతాన్ని నిలబెట్టిన వారిలో చాలామంది తెలుగు నేర్చుకున్నవారే. వారు ప్రయత్నించి నేర్చుకున్నారు, మీరూ నేర్చుకోగలరు. ఒక్కొక్క కృతిలో ఉండే మాటలు ఎన్నో కావు. పల్లవి ఒకటి రెండు పంక్తులు, అనుపల్లవి అంతే, చరణం ఇంకొంచెం. ఒక కృతి నేర్చుకోవడానికి పట్టే వారాలలో ఒక్క సాయంత్రం ఆ మాటలకు కేటాయిస్తే చాలు. అమ్మమ్మనో, తాతగారినో, గురువుగారినో అడగండి. వారికి కూడా వెంటనే తెలియని మాట ఉంటే నిఘంటువు తెరిచి కలిసి వెతకండి.

మన సంఘం పెద్దలకు కూడా ఒక విన్నపం. వచ్చే ఆరాధనోత్సవంలో ప్రతి కృతికి ముందు, దానిని పాడబోయే బాలుడో బాలికో లేచి నిలిచి, ఆ కృతి ఏమి చెబుతోందో తెలుగులో రెండు వాక్యాలు పలికే ఏర్పాటు చేయండి. ఆ వాక్యాలు తడబడినా ఫరవాలేదు. ‘శోభిల్లు సప్తస్వర’ పాడబోయే పిల్లవాడు నాభి మీద, గుండె మీద, కంఠం మీద చేయి ఉంచి చూపి, ‘ఈ చోట్లలో స్వరదేవతలు ఉన్నారని త్యాగరాజస్వామి అంటున్నారు’ అని చెప్పి పాట ఎత్తుకుంటే, సభలో కూర్చున్న మనం కూడా ఆ పాటను ఆనాడు మొదటిసారి విన్నట్లు వింటాము.